రత్నాంగి రాణి ప్రవేశం

అబుదాబి రువైస్ క్యాంపులో మా లింబాద్రికి కుదురన్నదే ఉండేది కాదు. ఎనభై ఒకటినాటి సంగతి. సైటులో సెంట్రింగ్ పని చేస్తూనే తెల్లవార్లూ సాగే యక్షగానం ఒకటి సొంతంగా కడుతున్నాడు. రాజు యుద్ధానికి పోతాడు, రత్నాంగి రాణి ఎదురుచూస్తుంది, అదీ కథ. ఊళ్లో అతని భార్య బాలవ్వ కూడా ఎదురుచూస్తోంది. చుట్టీ, అదే సెలవు, అడిగితే పని పోతుందని భయపడి లింబాద్రి ఏళ్లుగా ఇంటికి పోలేదు.

అతనికి రాత రాదు. కట్టిన పాటలు మా నోళ్లలోనే దాచేవాడు. మార్చినప్పుడల్లా పాతది మేం మరిచిపోవాలి, లేకపోతే తిట్లు. ఎవరి పాట వాళ్ల గొంతుకు సరిపడేలా కట్టేవాడు. రాణి పాటలన్నీ మాతో పనిచేసే రాజేశ్వర్ సన్నని గొంతు కోసమే. రంగంలోకి వస్తూ రాణి తానెవరో చెప్పుకునే దరువు అతను పాడుతుంటే మేం తినడం ఆపేసేవాళ్లం.

"రత్నాంగి నా పేరు, రాజుగారి రాణి,
నిన్న మొన్నే పెండ్లి అయినదాన్ని."

ఒక్క ఆఖరి రంగమే తెమలలేదు. ఏళ్లకు తిరిగొచ్చిన రాజు రాణిని కలుసుకోవాలి. లింబాద్రి కట్టేవాడు, చెరిపేవాడు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఇంతలో ముదీర్, అదే మా మేనేజరు, రాజేశ్వర్‌ను దుబాయి పక్కన జెబెల్ అలీ సైటుకి పంపేశాడు. ఇక్కడి పని అయిపోవచ్చింది, నెల తిరక్కుండా మేమంతా తలో దిక్కుకూ పోతామన్నారు. అప్పటికి రాజేశ్వర్ పాటలు టేపులో పట్టి ఉన్నాయి గానీ ఆఖరి పాట లేదు.

"రాణే పోయింది. ఆట ఖలాస్," అన్నాడు లింబాద్రి.

"నేను పాడతాలేన్నా," అన్నాడు కడప నుంచి వచ్చిన వంటవాడు సనావుల్లా. అతనిది బొంగురు గొంతు.

"నీ గొంతుల రాణి ముసల్దైతది భాయ్!" అని కసిరి, లింబాద్రి ఠక్కున ఆగిపోయాడు. ఆ వారమంతా వంటగదిలో సనావుల్లా పక్కనే కూర్చుని ఆఖరి రంగం కట్టాడు.

శుక్రవారం ఆట వేశాం. టేపులో రాజేశ్వర్ పాడుతుంటే చీర కట్టిన సనావుల్లా పెదవులు కదిపాడు. కడుపుబ్బ నవ్వాం. ఆఖరి రంగంలో టేపు ఆపేశారు. రాజు వేషంలో లింబాద్రి అడిగాడు.

"ఎవ్వరవ్వా నువ్వు?"

సనావుల్లా తన బొంగురు గొంతుతో, నెమ్మదిగా, అదే దరువు ఎత్తుకున్నాడు. "నిన్న మొన్నే పెండ్లి అయినదాన్ని..."

ఎవరూ నవ్వలేదు. నాకు మా ఇంటిది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇప్పుడు రాజు గుర్తుపట్టి రత్నాంగీ అని పిలవాలి. లింబాద్రి పిలిచాడు.

"బాలవ్వా!"

తప్పని ఎవరూ అనలేదు. మేమే మంగళం ఎత్తుకున్నాం. తెల్లారి అతను ముదీర్ గది ముందు నిలబడ్డాడు, చుట్టీ అడగడానికి.