తేదీ లేని పదకొండు పేర్లు

మా చర్చి సంఘం సమాధుల పుస్తకంలో మూడు వందల నలభై రెండు పేర్లున్నాయి. లెక్కల మాస్టారుగా పనిచేస్తున్న రోజుల్లోనే ఆ పుస్తకాన్ని నాకు అప్పగించారు. ఏటా సమాధుల పండుగ నాటి సాయంత్రం, సున్నం కొట్టిన సమాధుల మధ్య నిలబడి, చనిపోయిన తేదీల వరుసలో ఆ పేర్లు చదవడం నా విధి. పేరు వినబడగానే ఆ ఇంటివాళ్లు సమాధి మీద కొవ్వొత్తి వెలిగిస్తారు.

గేటు దగ్గర మాత్రం ఏటా ఒక కూలి ఆమె, వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని చివరి పేరు దాకా నిలబడి, మళ్లీ దాన్ని కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయేది. ఆమె కూతురి పేరు పుస్తకంలో ఉంది. నేను చదవలేదు. ఇరవై మూడేళ్లు చదవలేదు.

కారణం ఇది. ఒక ఏడాది ఆ కుటుంబం మిరప కోతలకు ప్రకాశం జిల్లా వెళ్లింది. అక్కడ పిల్ల జ్వరం వచ్చి చనిపోయింది. కాలవ గట్టునే పూడ్చి, కోతలు ముగిశాక తిరిగి వచ్చి, పేరు రాయమన్నారు. తేదీ చెప్పమన్నాను.

“మూడో కోతైపోయి, కల్లంలో తాలుకాయలు ఏరతన్న రోజండీ,” అన్నదామె.

“అది తేదీ కాదమ్మా.”

“మాకదే తేదీ. ఆ రోజు నేను కల్లంలోనే ఉన్నా. మీరున్నారా?”

పేరు రాశాను. తేదీ గడి ఖాళీగా వదిలేశాను. తేదీ లేని పేరును వరుసలో ఎక్కడ చదవాలి? అది నా ప్రశ్న. దానికి సమాధానం లేదు కనుక చదవనక్కరలేదని నిశ్చయించుకున్నాను.

నిరుడు పుస్తకం కుట్లు ఊడిపోయాయి. పేర్లను కంప్యూటరులోకి ఎక్కించాలనుకున్నాను. గుంటూరు కాలేజీలో కొన్నాళ్లు కంప్యూటర్లు బోధించిన పాస్టరమ్మగారు నాకు, పట్టికల్లోంచి వివరాలు అడిగి తీసుకునే భాష, ఎస్‌క్యూఎల్ నేర్పారు.

“మాస్టారూ, పట్టికకి తనదంటూ ఒక వరుస ఉండదండి,” అన్నారు మొదటి రోజే. “మీరు అడక్కపోతే దానికి తోచినట్టు ఇస్తుంది. వరుస కావాలంటే చివర్లో ఆర్డర్ బై అని రాసి, ఏ కాలమ్‌ని బట్టి పేర్చాలో చెప్పాలి.”

నచ్చింది. అడగనిదే వరుస ఉండదన్న మాటలో ఒక నిజాయితీ ఉంది.

మొదటి ప్రయత్నంలోనే తప్పు చేశాను. పుస్తకంలో ఉన్నట్టే రోజు, నెల, సంవత్సరం వరుసలో తేదీలను మామూలు అక్షరాలుగా ఎక్కించాను. ఆర్డర్ బై ఇస్తే ఒకటో తేదీన పోయిన వాళ్లంతా ముందు నిలబడ్డారు. తాత పక్కన, ఆయన పోయిన నలభై ఏళ్లకు పుట్టిన బిడ్డ. ఒకరినొకరు ఎరగని వాళ్లు, భుజం భుజం ఆనించుకుని నన్ను చూస్తున్నట్టనిపించింది.

పాస్టరమ్మగారు నవ్వారు. “అది మీ తేదీని అంకెలుగా చూడలేదండి, అక్షరాలుగా చూసింది. కాలమ్‌ని డేట్ రకంగా మార్చి, సంవత్సరం ముందు పెట్టి ఎక్కించండి.”

మూడు వారాలు కూర్చుని మార్చాను. మళ్లీ ఆర్డర్ బై ఇచ్చాను. మొట్టమొదటి సమాధి పైన రావాలి. రాలేదు. పైన పదకొండు పేర్లు, వాటి ఎదుట ఖాళీ గడులు.

“అవి నల్‌లండి,” అన్నారామె. “విలువ లేనివి కావు, విలువ తెలియనివి. మనం వాడే డేటాబేసు, పాత తేదీలు ముందు వచ్చేలా పేర్చమంటే, వాటిని అన్నిటికన్నా ముందు పెడుతుంది. కొన్ని చివర పెడతాయి.”

వరుస తిరగేసేందుకు ఆర్డర్ బై చివర డెస్క్ అనే మాట చేర్చాను. పదకొండూ అడుగుకు పోయాయి, కానీ మిగతావన్నీ తలకిందులయ్యాయి. అది తీసేశాను. మళ్లీ పైకి వచ్చాయి. తేదీ ఉన్నవే చూపమని షరతు పెట్టాను. మూడు వందల ముప్ఫై ఒకటి మిగిలాయి. లెక్క సరిపోయింది. ముద్రించబోతూ ఆగాను.

పదకొండు మందీ కోతలకో, పత్తి తీతకో వెళ్లిన చోట పోయినవాళ్లే. పదకొండింటి చేతిరాతా నాదే. నాకు ముందు పుస్తకం రాసిన పెద్దాయన అలాంటి చోట అంచనాగా ఒక తేదీ వేసి, పక్కన “కోతల్లో” అని రాసి, అందరితో పాటు చదివేవారు. ఆ మిట్టమధ్యాహ్నం చర్చి గదిలో ఎవరూ లేరు. అయినా ఎండుమిరప ఘాటు ముక్కుకు తగిలి దగ్గాను. కిటికీ తీసి చూశాను. చుట్టుపక్కల ఎక్కడా కాయలు ఆరబోసి లేవు.

షరతు తీసేశాను. ఆర్డర్ బైలో తేదీ తరువాత కామా పెట్టి, పుస్తకంలోని వరుస సంఖ్యను రెండో ఆధారంగా ఇచ్చాను. తేదీ తేల్చలేని చోట అది తేలుస్తుంది. గేటు దగ్గర నిలబడే ఆమె కూతురు ఏడో పేరు.

ఆమె ఇంటికి వెళ్లాను.

“ఇప్పుడొచ్చారా తేదీకి? అప్పుడు లేంది ఇప్పుడేడ తెచ్చేది మాస్టారూ?”

“తేదీ అడగను. ఈసారి చదువుతాను, రండి.”

ఆమె గూట్లోంచి పాత కొవ్వొత్తి తీసింది. “కొత్త కొవ్వొత్తి కొననులే. ముట్టించంది అట్టనే ఉంది.”

పండుగనాడు తేదీ లేనివాళ్లతోనే మొదలుపెట్టాను. ఏడో పేరు చదివాను. గేటు దగ్గర అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఇరవై మూడు ఎండాకాలాలకు వంగిపోయి, పసుపుపచ్చగా మారిన కొవ్వొత్తి. సమాధి లేదు గనుక గేటు రాయి మీదే నిలబెట్టబోయింది. నిలవలేదు. చేత్తోనే పట్టుకుంది.

“వయసు కూడా చదవండి మాస్టారూ,” అని కేక వేసింది. “నాలుగేళ్లు. అదైతే నాకు కచ్చితంగా తెలుసు.”

నా పట్టికలో వయసు కాలమ్ లేదు. జేబులోంచి పెన్సిల్ తీసి, ఖాళీ గడి పక్కన 4 అని రాసుకుని, పేరూ వయసూ మళ్లీ చదివాను.