నీలం జెలీ, ఎర్ర తివాచీ

జెలీ మార్షందో రోజుకు వంద బొమ్మలు కోసేది. పారిస్ శివార్లలో, వాన్సెన్ అడవి పక్కనున్న ఆ రంగుల పనిశాలలో అరవైమంది ఆడవాళ్ళుండేవారు. వాళ్ళలో అంతకు మించి కోసినవాళ్ళు లేరు.

మూకీ సినిమాలకు అప్పట్లో రంగు అలాగే పడేది. ఫిల్ములోని ఒక్కో బొమ్మా గాజుపలక మీద పెద్దదై కనబడేది. దాని అంచు వెంబడి ములుకు నడిపిస్తే, మరో కొసనున్న సూది అదే ఆకారాన్ని ఖాళీ ఫిల్ములో చిన్నగా కోసేది. ఆ కంతల్లోంచి రంగు అద్దేవారు. అలా కోసిన ఫిల్మునే పట్టీ అనేవారు. రంగుకో పట్టీ, పట్టీకో మనిషి. పద్దెనిమిదేళ్ళుగా జెలీది నీలం. ఆకాశం, సముద్రం, దూరపు కొండలు.

ఎరుపు కోసే బెర్త్ అనే ఆమె కళ్ళు మందగించి మానేసింది. ఆ కుర్చీ తనదేననుకుంది జెలీ. ఎరుపంటే వీరుడి అంగీ, రాకుమారి పెదవులు, మంటలు. జనం చూపు పోయేది అక్కడికే. కానీ పనిశాల పెద్ద మదాం ప్రూవో ఆ కుర్చీలో ఒడీల్‌ను కూర్చోబెట్టింది. ఒడీల్‌కు ములుకు పట్టడం నేర్పింది జెలీయే.

"నీ ఆకాశం ఒక్కనాడూ వణకలేదు జెలీ. నిన్ను అక్కణ్ణుంచి లేపితే ఎవర్ని పెట్టుకోను?" అంది మదాం.

"అంటే బాగా చేసినందుకే ఈ శిక్షా?"

"మెచ్చుకున్నా ఏడుపేనా నీకు!"

ఆ నెలలో వచ్చిన సినిమాలో ఒక జాలరి, మంత్రగాడి తివాచీ ఎత్తుకుపోయి నగరం మీదుగా ఎగురుతాడు. నలభై సెకన్లు. ఆరువందల నలభై బొమ్మలు. తివాచీ ఒడీల్‌ది, దాని చుట్టూ ఆకాశం జెలీది.

"అక్కా, నా తివాచీ వస్తోంది, నీ మబ్బుల్ని కాస్త పక్కకు జరగమను," అంది ఒడీల్ మధ్యాహ్నం రొట్టె తుంచుకుంటూ. బల్ల చుట్టూ నవ్వులు.

"ఆకాశాన్నెవరు చూస్తారే, తివాచీ ఉండగా!" అని ఇంకొకతె అందుకుంది.

 జెలీ నోట్లో జున్నుముక్క మన్నులా ఉంది. ఆ మధ్యాహ్నమే మొదటిసారి ఆమె ములుకు గీత దాటింది. ఎక్కువేం కాదు, వెంట్రుకవాసి. నీలం తివాచీ వెనక అంచులోకి చొరబడితే, ఎరుపు మీద పడి అక్కడ ఊదారంగు తేలుతుంది. ఒక బొమ్మలో కాస్త ఎక్కువ, మరోదాంట్లో తక్కువ. చూసినవాళ్ళు ఒడీల్ చెయ్యి వణికిందనుకుంటారు. పద్దెనిమిదేళ్ళలో ఆకాశాన్ని అనుమానించినవాళ్ళు లేరు మరి. ఆరున్నర రోజులు జెలీ ఆ ఒక్క అంచునే తప్పుగా కోసింది. అంత శ్రద్ధగా ఎన్నడూ పనిచేసి ఉండదు.

శనివారం తెర మీద చూపించారు. సినిమా తీసిన కంపెనీవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. తివాచీ పైకి లేచింది. దాని అంచు ఊదాగా రెపరెపలాడింది, అచ్చం గాలి తగిలినట్టు, దానికి ప్రాణమున్నట్టు. వెనక వరసలో ఎవరో "అబ్బ!" అన్నారు.

"ఆ తివాచీ ఎవరు చేశారు?" అన్నాడు ముందు వరసలోని పెద్దమనిషి.

"మా ఒడీల్," అంది మదాం.

ఒడీల్ లేచి నిలబడింది. ఆ ఊదా తనది కాదని దానికి తెలుసు. అయినా తల వంచి చప్పట్లన్నీ పుచ్చుకుంది. జెలీ నోరు మూసుకుంటే ఆ చప్పట్లు దానివి, నోరు తెరిస్తే తన పని పోతుంది. ఏది మేలో తేల్చుకోవడానికి జెలీకి ఎంతోసేపు పట్టలేదు.

"అది నాది!" అని అరిచింది. "నీలం పట్టీ తెచ్చి చూడండి."

మదాం పట్టీ తెప్పించి, భూతద్దం కింద మూరెడు చూసింది.

"తెలిసే గీత దాటావా?"

"తెలిసే."

"ఆరు రోజులూనా?"

"ఆరున్నర."

పెద్దమనిషి నవ్వాడు కానీ మదాం నవ్వలేదు. సోమవారం నుంచి జెలీని కడిగే గదికి పంపింది. అక్కడ పాత ఫిల్ములను బట్టల సోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి, పట్టీలు కోయడానికి పనికొచ్చేలా పూత గీకేస్తారు. చేతులు మోచేతుల దాకా పగిలిపోతాయి. నీలం కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది.

మూడు వారాలకు ఆ కంపెనీ ఇంకో సినిమా పంపింది. ఇందులో మూడు తివాచీలు, మూడింటికీ ఆ ఊదా రెపరెపే కావాలట. ఎంత ప్రయత్నించినా రాలేదు; జెలీ కోసిన పట్టీని అప్పటికే పారేశారు, ఏ అంచో ఎవరికీ గుర్తులేదు. గురువారం మధ్యాహ్నం ఒడీల్ తొట్టి దగ్గరకొచ్చి నిలబడింది.

"అక్కా, నీలం పిల్లకు చెప్పాలి. ఏ అంచులోకి జరిపావు?"

"ఎందుకే, చప్పట్లు కొట్టించుకున్నదానివి, నీకు తెలీదూ?"

"చచ్చి నీ కడుపున పుడతా, చెప్పక్కా. మదాం చంపేస్తోంది."

జెలీ తడి చేతులు గౌనుకు తుడుచుకుంది.

"ముందంచు," అంది.

ఒడీల్ ఆమెను కౌగిలించుకుని పరుగెత్తింది. జెలీ మళ్ళీ తొట్టిలో చేతులు పెట్టింది. ఆరువందల నలభై బొమ్మల్లోనూ ఆమె జరిపింది వెనక అంచులోకే.