చెమట పట్టని ఆటగాడు

2006 వేసవి. గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో నలుగురు పవర్ వీల్‌చైర్ ఆటగాళ్ల బాగోగులు చూసేదాన్ని. బ్యాటరీ కుర్చీకి ముందు ఇనుప చట్రం బిగించి, దాంతో పెద్ద బంతిని నెడుతూ ఆడే ఫుట్‌బాల్ అది. "మోటారే కదండీ ఆడేది, మనిషికేం కష్టం?" అనేవాళ్లను పావుగంట ఆ కుర్చీలో కూర్చోబెట్టాలనిపించేది. రెండు కుర్చీలు ఢీకొన్నప్పుడల్లా మెడ విసురుగా ఊగుతుంది, ఆపుకోవడానికి నడుములో బలం ఉండదు.

వాళ్లలో శ్రీను ఒకప్పుడు మార్టూరులో రాళ్ల పాలిషింగ్ పని చేసేవాడు. లారీ మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ కింద స్పర్శ లేదు. వేళ్లు పనిచేయవు కాబట్టి మణికట్టుతోనే జాయ్‌స్టిక్ నెట్టేవాడు. నా దగ్గరికి రావడం మొదలై మూడు నెలలైంది. పది రోజుల్లో చెన్నై జట్టుతో మ్యాచ్.

"ఇన్నాళ్లూ మా ఊరోళ్లు జాలిపడ్డానికే వచ్చారు మేడమ్. ఈసారి ఆట చూడ్డానికొస్తన్నారు" అన్నాడు. ఆ మ్యాచ్ తప్ప అతనికి వేరే ధ్యాస లేదు.

ఒకరోజు ప్రాక్టీసు పొద్దున పది గంటలు దాటింది. మిగతా ముగ్గురి చొక్కాలూ తడిసి ముద్దయ్యాయి. శ్రీను నుదురు మాత్రం పొడిగా ఉంది.

"చెమట చుక్క లేదు, నీకింకా ఓపికుందయ్యా. ఇంకో రౌండు ఆడు" అన్నాను.

మిరపచేలో ఎవరెంత కష్టపడ్డారో చొక్కా చూసి చెప్పే ఇంట్లో పుట్టినదాన్ని. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే ఒంటికి చెమట పట్టదని, వేడి లోపలే ఉండిపోతుందని పుస్తకంలో చదివి కూడా ఆ మాటన్నాను. అయిదు నిమిషాల్లో అతని కుర్చీ నేరుగా వెళ్లి గోడను గుద్దుకుంది. కళ్లు తేలేశాడు, ఒళ్లు కాలిపోతోంది. వాళ్లమ్మ అంజమ్మ తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది. నీడలోకి చేర్చి, నీళ్లతో తడుపుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

సాయంత్రానికి తేరుకున్నాడు. పొద్దున్నుంచి నీళ్లెన్ని తాగావని అడిగాను.

"ఆట రోజున గుక్కెడు కూడా ముట్టడమ్మా" అంది అంజమ్మ.

అతని పిక్కకు యూరిన్ బ్యాగ్ కట్టి ఉంటుంది. ఒకసారి అది నిండి, కోర్టులో అందరి ముందూ కారింది. అప్పటి నుంచి నీళ్లు మానేశాడు.

"ఆడోళ్లు, మీకెట్టా చెప్పేది? చెప్తే ఆట మానిపిస్తారని భయమేసింది" అన్నాడు శ్రీను.

మానిపించలేదు. డాక్టరు సరేనన్నాకే, ప్రాక్టీసు పొద్దున్నే ఆరింటికి మార్చాను. పది నిమిషాలకోసారి నీళ్లు, మధ్యలో బ్యాగ్ ఖాళీ చేయడం అంజమ్మ పని. తల తిరిగితే దాచకుండా చెప్పడం శ్రీను పని. మూడింట్లో కష్టమైంది అదే.

మ్యాచ్ సగం దాటాక, ఊరివాళ్లంతా చూస్తుండగా, తనే కుర్చీ ఆపి నన్ను పిలిచాడు. "చాలు మేడమ్" అన్నాడు. బయటికి వచ్చాక వాళ్ల ఊరాయన అడిగాడు: "ఏరా, అప్పుడే అలిసిపోయావా?"

"అలిసిపోయా బాబాయ్" అన్నాడు తలెత్తి.

మేం ఓడిపోయాం. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా నీళ్ల సంగతి, బ్యాగ్ సంగతి మొదటిరోజే, మొహం తిప్పుకోకుండా అడుగుతాను. సిగ్గుపడి శ్రీను చెప్పలేదని కొన్నాళ్లు అతన్నే తప్పుపట్టాను. మూడు నెలలు అడగడానికి సిగ్గుపడింది నేను.