లేనా ఇంటి వెనక తోడేలు

నిన్న డ్రెస్డెన్ శివారులో కోసిన గడ్డి వాసన తగలగానే, ఆరేళ్లప్పుడు ఇక్కడే జర్మనీలో మేమున్న పల్లె గుర్తొచ్చింది.

పక్కింటి లేనా పుట్టినరోజని క్లాసంతా చెప్పుకుంటుంటే నేనూ కొత్త గౌను తొడుక్కున్నాను. అమ్మ తలుపు మూసేసింది.

"పార్టీ లేదంట తల్లీ. పొలంలో తోడేలు తిరుగుతోందంట."

కిటికీ దగ్గర కూర్చున్నాను. సాయంత్రం లేనా ఇంటి వెనక పొలంలో బూడిదరంగు జంతువొకటి నిజంగానే కనిపించింది. తోడేలో, ఎవరి కుక్కో ఇప్పటికీ తెలియదు. అంతలో క్లాసు పిల్లలంతా బెలూన్లతో ఆ పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"వోల్ఫ్! వోల్ఫ్! లోపలికి పొండి!" అని వాళ్ల భాషలో అరిచాను. అందరూ నవ్వారు.

"వాళ్లకెవరూ చెప్పలేదా అమ్మా?" అని ఏడ్చాను. అమ్మ కిటికీ మూసింది.

క్లాసులో పిలవనిది నన్నొక్కదాన్నేనని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది. అమ్మకి ఆ పొద్దున్నే తెలుసు.