పాలెంలో నేను చెప్పిన యుద్ధం

మొన్న విజయవాడ పుస్తకాల పండుగకు నా చారిత్రక నవల వెంట తెచ్చుకున్న ఒక పెద్దావిడ, సంతకం కోసం పుస్తకం తెరిచి పట్టుకుని, బందరు రేవు నావికుడు ఫిరంగి పక్కనే ఒరిగిపోయే ఘట్టం చదివాక అన్నం సయించలేదన్నారు. నేవీలో పనిచేశారు కాబట్టే అంత సహజంగా రాయగలిగారని పక్కనున్నవాళ్లూ తలలూపారు. సంతకమైతే చేశాను గాని ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. రిటైరయ్యాక నేను రాసిన డచ్చివారి ఓడలూ, రేవు పోరాటాలూ ఎక్కడ మొదలయ్యాయో నా ఈడువారికైనా చెప్పుకోవాలని అప్పుడే అనిపించింది.

డెబ్భైల మొదట్లో యుద్ధం వచ్చేనాటికి నేను కొత్తగా లెఫ్టినెంటునైన కుర్రవాణ్ణి. మా ఓడలో తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరమే: నేనూ, బందరు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెం నుంచి వచ్చిన నావికుడూ. ఆఫీసర్లు నావికులతో కలిసి తినకూడదన్న కట్టుబాటు ఉన్నా, మా అమ్మ పంపిన గోంగూర పచ్చడిలో అతని వాటా అతనికి చేరుతూనే ఉండేది. యుద్ధమంతా మా ఓడ కాపలా తిరిగిందే తప్ప శత్రువును చూసిందీ లేదు, ఒక్క గుండు పేల్చిందీ లేదు. ఒక ఉదయం పెనుగాలికి లైఫ్‌బోటు తాళ్లు వదులైతే, వాటిని బిగించడానికి వెళ్లిన అతన్ని కెరటం ఎత్తుకుపోయింది. చీకటి పడేదాకా వెతికాం, దొరకలేదు.

ఆ తర్వాతి వేసవిలో సెలవు మీద విజయవాడ వస్తే, బడిపంతులైన మా నాన్నగారు ఆ నావికుడి తల్లిని చూసి రమ్మన్నారు. యూనిఫారంలోనే వెళ్లాలనీ, అది ఆమె కొడుక్కిచ్చే మర్యాద అనీ పట్టుబట్టారు. ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో, కోతలైపోయిన పొలాల మధ్య, ఆ తెల్లబట్టలు నలగకుండా కూర్చోవడమే నాకు పెద్ద పనైంది. బందరులో దిగి జట్కా ఎక్కి, ఆ పైన ఇసుకలో నడిచి వెళ్లాను.

తాటాకింట్లో నులకమంచం మీద కొత్త దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టి, ఆమె మాత్రం నిలబడే ఉంది. ఆమె భర్తను కూడా సముద్రమే పొట్టన పెట్టుకుందట.

"పెద్ద ఓడ గదా, మునగదని పంపాను బాబుగారూ. ఎట్టా పోయాడు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. వాకిట్లో చేరిన జనం వైపోసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"కెరటానికి పోయేదానికైతే అంత దూరం ఎందుకయ్యా, ఇక్కడే పోయుండేవాడుగా! వాళ్లకి మాత్రం యుద్ధంలో పోయాడని చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

ఆమె అడిగింది ఒక్క మాట. ఆ ఒక్క మాటా చెప్పి వచ్చేసి ఉంటే ఇవాళ నాకీ సిగ్గు ఉండేది కాదు. బయట వలలు ఆరేసిన చోట పెద్దలూ ఆడవాళ్లూ నా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి వింటుంటే, నా నోటికి ఎక్కడ లేని మాటలూ వచ్చాయి. మంటలంటుకున్న డెక్కును చూపించాను, పేలని ఫిరంగులు పేల్చాను, గాయపడి కూడా చోటు వదలని అతన్ని కళ్లకు కట్టించాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పకుండానే తెలిసిపోయింది. వాళ్ల కళ్లలో నీళ్లు చూసి లోలోపల పొంగిపోయాను కూడా. ఒక మిత్రుడి చావును చెబుతూ అంత హాయి అనుభవించాను.

అప్పుడు చూశాను, ఆమె గుమ్మం పట్టుకుని వింటోంది. అంతా అయ్యాక దగ్గరకు వచ్చి, నిజమేమిటో తెలిసిన ఆ తల్లే నన్నడిగింది.

"నొప్పి పడ్డాడా బాబూ?"

"లేదమ్మా," అన్నాను. కెరటంలో అతని చివరి క్షణాలు ఎలా గడిచాయో ఎరగని నేను, ఆ ఒక్క జవాబు మాత్రం నిజమైతే బాగుండునని కోరుకుంటూ చెప్పాను.

ఇప్పుడు రోడ్డు బాగుపడింది, ఆ పాలెం ఎంతో దూరం కాదు. అయినా నేను మళ్లీ వెళ్లలేదు. ఈనాటి పాఠకులు ఓడ తెరచాప కొలతల దగ్గర్నుంచి ఫోనులో వెతికి, ఇది తప్పండీ అని నిలదీస్తున్నారు. యూనిఫారం చూసి ఎవరూ దేన్నీ నమ్మడం లేదు. అదే మంచిదని అందరితోనూ అంటాను. కానీ వలల పక్కన నిలబడి, అడ్డుచెప్పకుండా విన్న ఆ ముఖాల కోసమే నేనింకా రాస్తున్నానేమోనని తోచినప్పుడు, కలం పక్కన పెట్టి ఊరికే కూర్చుంటాను.