తెలుగు పండితురాలి కవాతు

ఆ రోజుల్లో ఒక మనిషికి ఒకే ఉద్యోగం ఉంటుందని నమ్మేంత అమాయకత్వం నాలో ఉండేది. ఎనభైల మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, మధిర వైపు మా ఊరి నుంచి ఒక రేకు పెట్టె, రెండు నిఘంటువులు, మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీతో బస్సెక్కి, భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేరాను. ఛందస్సు చెప్తాను, సంధులు విడదీస్తాను, సాయంత్రం గదికి పోయి అన్నం వండుకుంటాను, జీవితం అంతే అనుకున్నాను. ఆ అనుకోవడం సరిగ్గా ఆరు నెలలు నిలిచింది. ఏడో నెలలో పైనుంచి పొదుపు ఉత్తర్వులు దిగాయి. రిటైరైన వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను వెయ్యరట. సుద్దముక్కలకూ ఆటసామానుకూ వచ్చే నిధి ఆగిపోయిందట. మా డ్రిల్లు మాస్టరు, డ్రాయింగు మాస్టరు, సంగీతం టీచరు అదే ఏడు ఒకరి వెనక ఒకరు రిటైరై, పూలదండలు వేయించుకుని, పోతూ పోతూ తమ పోస్టులను కూడా వెంట తీసుకుపోయారు.

మా హెడ్మాస్టరును మేమంతా (ఆయన వినకుండా) సర్దుబాటు సారు అనేవాళ్లం. ఎంత పెద్ద ఆపద చెప్పినా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "ఏం జేస్తం టీచర్, సర్దుకోవాలె" అనేవారు. అలా సర్దుకుంటూనే నల్లబల్లలకు రంగు లేకపోతే బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి పూసేవాళ్లం. దానివల్ల బల్ల నల్లబడింది, మా చేతులు ఆకుపచ్చబడ్డాయి. సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసేవాళ్లం. ఆ తర్వాత గోరుతోనే రాసేవాళ్లం. ఇక ఖాళీ అయిన పోస్టులను ఎలా సర్దాలి? సారు వాటిని చీటీల మీద రాసి, మరికొన్ని వట్టి చీటీలు కలిపి, ఖాళీ సుద్దముక్కల డబ్బాలో వేసి కుదిపి, స్టాఫ్ అందరినీ తలా ఒకటి తియ్యమన్నారు. లెక్కల సారుకు డ్రాయింగు వచ్చింది (ఆయన గీసిన నెమలిని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు భారతదేశ పటం అనుకున్నారు). పొడి దగ్గుతో బాధపడే హిందీ పండితుడికి సంగీతం వచ్చింది. నా చీటీలో "డ్రిల్లు" అని ఉంది. నేను జన్మలో ఎన్నడూ పరుగెత్తలేదని, మా ఇంట్లో ఆడపిల్లలను గట్టిగా నడవనివ్వరని మొరపెట్టుకున్నాను. సారు కళ్లజోడు తుడుచుకున్నారు.

అంతవరకైతే నవ్వుకునేవాళ్లమే. డిసెంబరులో ఇంకో వార్త వచ్చింది. ఖర్చు తగ్గించడానికి చిన్న బడుల్లోని తొమ్మిది, పది తరగతులను ఎత్తేసి భద్రాచలంలోని బడిలో కలుపుతారట, ఆ జాబితాలో మా బడి పేరూ ఉందట. అడవిలోని గూడేల నుంచి మా బడికే పిల్లలు రెండు వాగులు దాటి వచ్చేవారు. భద్రాచలానికి ఎవరు పంపిస్తారు? నా పదో తరగతిలో పొడుగు పిల్ల అని ఒకతి ఉండేది. పద్యం ఒకసారి వింటే అప్పజెప్పేది. ఆ వార్త విన్న రోజు ఆమె నా దగ్గరికి వచ్చి, ఇక తాను తునికాకు కోతకు పోవాలేమో అని, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు సర్దుబాటు సారు మొదటిసారి సర్దుకోవాలని అనలేదు. జనవరి జెండా పండుగకు భద్రాచలంలో అన్ని బడుల కవాతు ఉంటుందని, విద్యాశాఖ పెద్దసారు స్వయంగా వచ్చి వందనం తీసుకుంటారని, మన పిల్లలు ఆయన కంట పడాలని చెప్పి, "మన బడి బతికే ఉన్నదని ఆయనకు తెల్వాలె టీచర్. అది మీ చేతుల్ల ఉన్నది" అన్నారు.

నిజంగానే నా చేతుల్లో ఉంది. ఎందుకంటే ఆ హిందీ ఆజ్ఞలు నోటికి రాక నేను వాటిని అరచేతిలో ఇంకు పెన్నుతో రాసుకున్నాను. సావధాన్, తేజ్ చల్, దాహినే దేఖ్, పీఛే ముడ్, చివర్న ఆగడానికి థమ్. వాటిని నాకు నేర్పింది హిందీ పండితుడే. ఒక్కో ఆజ్ఞకూ ధాతువు, కాలం, లింగం చెప్పేవారు. నడవాలో ఆగాలో మాత్రం చెప్పేవారు కాదు. బ్యాండుకు దిక్కు లేదు కాబట్టి మా విద్యార్థి ఒకడి మేనమామ తన పెద్ద డోలు పట్టుకుని వస్తానన్నాడు. పిల్లలంతా డోలు మామ అనేవారు. పెళ్లిళ్లలో వాయించే చెయ్యి కావడంతో మొదటి వారం మా కవాతు ఊరేగింపులా ఉండేది. తర్వాత ఆయనే మమ్మల్ని దారిలో పెట్టాడు. నలభైమంది పిల్లలు, ఒకే అడుగు. నేను ఒకటే నియమం పెట్టాను. కవాతులో ఉన్నప్పుడు ఆజ్ఞ తప్ప మరో మాట వినకూడదు, కన్నతల్లి పిలిచినా ఆగకూడదు. నా జీవితంలో ఇంత గట్టిగా ఫలించిన బోధన మరొకటి లేదు.

జెండా పండుగనాడు మైదానం నిండా జనం. వేదిక మీద తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో పెద్దసారు. టౌను బడుల పిల్లలు తెల్ల బూట్లతో టకటకమని పోయారు. మావాళ్లు వట్టి కాళ్లతో, డోలు చప్పుడుకు, పొడుగు పిల్ల ముందు నడవగా కదిలారు. వేదిక ముందుకు రాగానే దాహినే దేఖ్ అన్నాను. నలభై తలలు ఒక్కసారిగా తిరిగాయి. జనం చప్పట్లు కొట్టారు. గర్వంతో నాకు చెమట పట్టింది, నుదురు తుడుచుకున్నాను. మైదానం చివర పిల్లలను ఆపడానికి అరచెయ్యి చూసుకుంటే అందులో నీలం మబ్బు తప్ప ఏమీ లేదు. (అక్షరాలన్నీ నా నుదుటి మీదికి చేరాయని తర్వాత తెలిసింది.) ఆగడానికి ఏదో చిన్న మాట. ఎంత తన్నుకున్నా రాలేదు. హిందీ పండితుడి కోసం చూశాను. ఇంత దూరం వచ్చి రాముణ్ని చూడకుండా పోతామా అని ఆయన గుడికి వెళ్లారు. సర్దుబాటు సారు కళ్లు మూసుకుని ఉన్నారు. పిల్లలు మైదానం గేటు దాటి బజార్లోకి నడిచారు.

నేను చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తాను. ఆగండి అన్నాను, ఆగండర్రా అన్నాను, నిలువుడీ అని గ్రాంథికంలో కూడా అన్నాను. ఏదీ ఆజ్ఞ కాదు కదా, ఎవరూ ఆగలేదు. డోలు మామను ఆపమని బతిమాలితే, పిల్లల కాళ్లు ఆగకుండా తన చెయ్యి ఎట్ల ఆగుతుందని నన్నే అడిగాడు. సోడా కొట్టు ఆయన మాది పంతుళ్ల సమ్మె అనుకుని, తన తరఫున కూడా నాలుగు కేకలు వేశాడు. ఇద్దరు ముసలాళ్లు ఎందుకైనా మంచిదని వెనక నడిచారు. అలా అందరం బస్టాండు దాకా పోయాం. అక్కడ ఒక బస్సు వెనక్కి వస్తూ మాకు అడ్డంగా వచ్చింది. వెనక నిలబడి దారి చూపిస్తున్న కండక్టరు పిల్లలను చూసి హడలిపోయి బస్సు మీద చరుస్తూ "హోల్డాన్" అన్నాడు.

బస్సు ఆగింది. నలభైమంది పిల్లలూ ఆగారు. డోలు ఆగింది. వెనక ముసలాళ్లు కూడా ఆగారు.

వారం వారం సంతకు బస్సులో పోయే పిల్లలకు ఆ మాట నా థమ్ కంటే ఎంతో పాతది. నేను ఆయాసపడుతూ ఆ కండక్టరుకు దండం పెట్టేలోపే దారి ఖాళీ అయిందని ఆయన "రైట్ రైట్" అన్నాడు. బస్సు కదిలింది. పిల్లలూ కదిలారు. నేను ఆయన చొక్కా పట్టుకున్నంత పని చేసి, అన్నా, ఇంకొక్కసారి హోల్డాన్ అనమని వేడుకున్నాను. ఆయన నా నుదుటి మీది ఇంకును పరిశీలనగా చూసి అడిగాడు.

"బస్సుకా, పిల్లలకా మేడం?"

ఆ తర్వాత ఆ విద్య నేనే పట్టుకున్నాను. ఆ ఆయాసంలో పీఛే ముడ్ ఎలాగో గుర్తొచ్చింది కాబట్టి పిల్లలను వెనక్కి తిప్పి, రైట్ రైట్ అంటూ బజారంతా మళ్లీ నడిపించి మైదానంలోకి తెచ్చాను. అప్పటికే మిఠాయి పంచుతున్నారు. వేదిక ముందు నా గొంతులో ఉన్న బలమంతా కూడదీసి హోల్డాన్ అన్నాను. ఒకే అడుగు పడింది. మిఠాయి పంచేవాళ్ల చేతులు కూడా ఆగాయి. పెద్దసారు లడ్డూ పక్కన పెట్టి కిందికి దిగి వచ్చారు. ఇది ఏ భాష డ్రిల్లు అని అడిగితే బస్సు భాష అన్నాను. మీ డ్రిల్లు మాస్టరు ఎక్కడ అంటే, రిటైరయ్యారని, పోస్టు మీ ఆఫీసే తీసేసిందని, నేను తెలుగు పండితురాలినని చెప్పాను. ఆయన మీసాల కింద ఏదో అణచుకుంటూ పొడుగు పిల్ల వైపు తిరిగారు.

"బస్టాండు దాకా ఎందుకు పోయారమ్మా?"

"ఎవ్వరు ఆపలె సార్."

"ఎవరూ ఆపకపోతే ఇంకెంత దూరం పోయేవాళ్లు?"

"మా బడి దాక పోతుంటిమి సార్. తొవ్వ గదే."

"ఎంత దూరం మీ బడి?"

"బస్సు ఉంటె గంటన్నర సార్. వాగులు వస్తె బస్సు ఉండదు. అప్పుడు ఎంత దూరమో మాకు గూడ తెల్వదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల వట్టి కాళ్ల వైపు, దుమ్ము పట్టిన నలభై జతల కాళ్ల వైపు కాసేపు చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని, పిల్లలకు రెండేసి లడ్డూలు ఇమ్మని చెప్పి వెళ్లిపోయారు.

నెల తిరక్కముందే ఆఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. తొమ్మిది, పది తరగతులు మా బడిలోనే కొనసాగుతాయని మొదటిది. సర్దుబాటు సారు దాన్ని మూడుసార్లు చదివి, మూడుసార్లూ కళ్లజోడు తుడుచుకున్నారు. పొడుగు పిల్ల ఆ వేసవిలో పదో తరగతి పరీక్ష రాసి పాసైంది. రెండో కాగితం నా పేరు మీద ఉంది. కవాతులో చూపిన ప్రతిభను గుర్తించి, డ్రిల్లు మాస్టర్లు లేని మరో రెండు బడుల బాధ్యత కూడా శనివారాలు నాకే అప్పగించారు. పొదుపంటే ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. ఇది అన్యాయమని రెండు పేజీల అర్జీ రాశాను, అందులో మూడు సమాసాలు చాలా బాగా కుదిరాయి. అయినా పంపలేదు.

ఎందుకు పంపలేదో ఇప్పుడు చెప్పగలను. మొదటి శనివారం ఆ రెండు బడుల్లో ఒకదానికి వెళ్లి, కొంగు బిగించి, ముందు నిలబడి సావధాన్ అన్నాను. తొంభైమంది పిల్లలు కదలకుండా, రెప్ప వెయ్యకుండా నిలబడిపోయారు. ఆ నిలబడడం చూస్తూ, నాకు రాని విద్యకు నేనే పెద్దనైనందుకు మురిసిపోతూ, విశ్రామ్ అనడం చాలాసేపు మరిచిపోయాను. ఇప్పుడు మా ఇంట్లో అన్నానికి రమ్మని నాలుగుసార్లు పిలిస్తే ఒక్కరూ కదలరు. అటువంటప్పుడు ఇరవై రెండేళ్ల ఆ సన్నటి పిల్ల, ఎండలో తొంభైమందిని నిలబెట్టి చిరునవ్వు దాచుకుంటూ కనిపిస్తుంది. ఎంత పొగరో దానికి, నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.