పొయ్యి వెలగని ఇల్లు

మా అబ్బా చనిపోయాక అమ్మి ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు భర్త పోయిన భార్య గడప దాటకూడదన్నది మా ముస్లింలలో ఆచారం. దానికి నాకు దిగుల్లేదు. దిగులల్లా ఆమె వంటింటి గడప కూడా దాటకపోవడమే. మిర్చి యార్డు నుంచి అబ్బా వచ్చే వేళకి చాయ మరిగించనిదే పొద్దు గడవని మనిషి, పొయ్యి వంక చూడటమే మానేసింది. నా వంట ఎంత అధ్వానంగా ఉన్నా ఒక్క మాట అనలేదు. తిట్టని అమ్మిని చూస్తే నాకు భయమేసింది.

ఒక మధ్యాహ్నం లాప్‌టాప్‌లో ఇటలీ సినిమా పెట్టాను. యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఆ సినిమాకి మూలమైన నవల ఇంగ్లీషులో చదివి చాలా రోజులు మనుషుల్లో పడలేదు. పడవ మీద చేపల వేటకు పోయే మొగుడు, ఒడ్డున పెళ్లాం, అంతే కథ.

"ఇప్పుడు పిక్చరేంది?" అంటూనే అమ్మి గోడకానుకుని కూర్చుంది. తెర కింద పడే ఇంగ్లీషు మాటల్ని నేను మన మాటల్లో చెబుతూ పోయాను.

మొగుడు సముద్రంలో పోతాడని నాకు తెలుసు. అంతదాకా చూడదులే, మధ్యలోనే కునుకు తీస్తుందనుకున్నాను. తీయలేదు. ఆ ఘట్టం రాగానే నా నోరు దానంతటదే అబద్ధమాడింది.

"గాలివాన గదా, పక్కూర్ల ఆగిండంట. రేపొస్తడు."

తెరమీద ఇరుగుపొరుగు ఆడవాళ్లు మూతపెట్టిన గిన్నెలు పట్టుకుని ఆమె ఇంట్లోకి వస్తున్నారు. అమ్మి కాసేపు చూసింది.

"ఉత్తగ చెప్తానవ్ బిడ్డా. ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. పక్కింటోళ్లు బువ్వ తెస్తాండ్రు. ఆయన పోయిండు."

మాలోనూ అంతే, చావింట్లో మూడు రోజులు వండరు. ఇటలీవాళ్లకూ అదే ఆచారమని నవల చదివిన నాకు తట్టనేలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మల్ల పొయ్యి ఎప్పుడు ముట్టిస్తది?" అని అడిగింది.

"నవల్ల అది రాయలే అమ్మీ."

"రాసింది మొగాయనేనా?"

"ఆ."

"అందుకే," అని మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "నువ్ కూసో, జర చాయ పెడ్త."

తెచ్చిన చాయ ఒక గుక్క తాగి ఇద్దరం ఆగిపోయాం. చక్కెర పాకంలా ఉంది. అమ్మి చక్కెర మానేసి చాలా కాలమైంది, నేను అసలే వేసుకోను. అది అబ్బా కొలత.

ఏడుస్తూనే ఇద్దరం అడుగుదాకా తాగాం.